గీత, శిఖం, తూకం: మూసీ పరీవాహక ప్రణాళికలో పటాల భాష - ఒక విమర్శ

వ్యాససంగ్రహం:

నదీ పరీవాహక ప్రాంతంలో తాగునీరు, సాగు, చేపల పెంపకం, నివాసం, వరద రక్షణ అనే అవసరాలు ఒకే నేల మీద పోటీపడతాయి. ఉపగ్రహ చిత్రాల ఆధారంగా, భౌగోళిక సమాచార వ్యవస్థల సాయంతో తయారయ్యే పటాలు ఈ పోటీని న్యాయంగా పరిష్కరిస్తాయన్న నమ్మకం ప్రణాళికా రంగంలో బలంగా ఉంది. పటం సూచికలో పేరు లేని అవసరం తూకానికే రాదని ఈ వ్యాసం వాదిస్తుంది. సికింద్రాబాదు, హైదరాబాదు జంటనగరాల నీటి పటాలను, ప్రభుత్వ ఉత్తర్వులను, తెలంగాణ చెరువు పదజాలాన్ని పక్కపక్కన పెట్టి ఈ విషయాన్ని పరిశీలిస్తుంది.

కీలకపదాలు: మూసీ, పరీవాహకం, శిఖం, పూర్తి నీటిమట్టం, పటాల సూచిక, జి.ఓ. 111, పికెట్ నాలా

1. 'పరీవాహకం' అనే మాట

వానలు ముదిరినప్పుడల్లా తెలుగు పత్రికల్లో, ప్రసార మాధ్యమాల్లో ఒక హెచ్చరిక వినిపిస్తుంది. మూసీ పరీవాహక ప్రాంత ప్రజలు అప్రమత్తంగా ఉండాలన్నది దాని సారం. అక్కడ 'పరీవాహక ప్రాంతం' అంటే నది ఒడ్డున, నీళ్లు ఎక్కివచ్చే బస్తీలు. చాదర్‌ఘాట్, మూసానగర్ వంటి పేర్లు ఆ వెంటనే వస్తాయి. జలశాస్త్రంలో ఇదే మాటకు అర్థం వేరు. పడిన చినుకు చివరకు ఏ నదిని చేరుతుందో ఆ నదికి చెందిన నేల అంతా పరీవాహకమే. వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల మీద పడ్డ వాన ఎంత మూసీదో, సికింద్రాబాదులో ఒక డాబా మీద పడి పికెట్ నాలా గుండా హుస్సేన్‌సాగర్ చేరి, అక్కడి నుంచి మిగులు నీరుగా పారే వాన కూడా అంతే మూసీది. మొదటి అర్థంలో పరీవాహకవాసులు ముప్పులో ఉన్నవారు మాత్రమే. రెండో అర్థంలో ఆ ముప్పును తయారుచేసేవారు కూడా పరీవాహకవాసులే. వాడుక మొదటి అర్థానికే పరిమితమైంది కనుక, డాబా యజమానికి తానొక నదీ పరీవాహకంలో ఉన్నానన్న స్పృహ కలిగే అవకాశమే లేకుండా పోయింది.

ఈ మాట చరిత్ర మరింత విచిత్రమైనది. సంస్కృతంలో 'పరీవాహం' నిండిన జలాశయం నుంచి మిగులు నీరు వెలుపలికి పోయే దారి. అమరకోశం ఈ అర్థాన్నే ఇస్తుంది. ఉత్తరరామచరిత మూడవ అంకంలో భవభూతి కూడా ఈ అర్థంలోనే వాడాడు. తెలుగులో దానికి సరిపోయే మాట అలుగు, తెలంగాణలో మత్తడి. అంటే నీరు బయటకు వెళ్లే చోటును చెప్పే మాటను ఆధునిక తెలుగు పరిభాష నీరు లోపలికి వచ్చే నేలకు పెట్టింది. పత్రికాభాష ఆ నేలను మళ్లీ నది ఒడ్డుకు కుదించింది. పరిభాషా నిర్మాణంలో ఇలాంటి అర్థవిపరిణామాలు కొత్త కావు, దోషమూ కావు. అయితే ఒక నేలకు ప్రజల నోట పలికే పేరు లేనప్పుడు, ఆ నేల గురించి జరిగే నిర్ణయాలు ప్రజల భాషకు అందకుండా జరుగుతాయి. 1990ల్లో గ్రామాల్లోకి వచ్చిన నీటి సంరక్షణ పథకాలు 'వాటర్‌షెడ్' అనే ఇంగ్లీషు మాటనే ఊళ్లలో స్థిరపరిచాయి. సి.హెచ్. హనుమంతరావు కమిటీ సిఫారసుల మీద 1994లో రూపొందిన మార్గదర్శకాలు సుమారు 500 హెక్టార్ల నేలను ఒక యూనిట్‌గా తీసుకున్నాయి. ఊరికి ఆ మాట పథకం పేరుగా, కమిటీ పేరుగా తెలిసింది. నేల పేరుగా తెలియలేదు.

2. సికింద్రాబాదులో పుట్టిన చూపు

దేశంలో ఉపగ్రహ చిత్రాలతో నేలను చదివే పనికి సికింద్రాబాదుతో ప్రత్యేక సంబంధం ఉంది. జాతీయ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ 1974 సెప్టెంబరు 2న సికింద్రాబాదులోనే సంఘంగా నమోదైంది. తర్వాత బాలానగర్‌కు విస్తరించి, 2008లో ఇస్రోలో భాగమై, నేడు జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంగా పనిచేస్తోంది. 2009లో మొదలైన 'భువన్' వేదిక ద్వారా ఈ కేంద్రం రూపొందించిన భూవినియోగ పటాలు, కార్టోశాట్-1 చిత్రాల నుంచి తీసిన ఎత్తుల నమూనా పరిశోధకులందరికీ అందుబాటులోకి వచ్చాయి. నేడు ఒక ఎం.ఏ. విద్యార్థి కూడా తన కంప్యూటరులో మూసీ పరీవాహకపు సరిహద్దును గీయగలడు. ఇది చిన్న విషయం కాదు. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య హైదరాబాదుకు వచ్చినప్పుడు ఆ సరిహద్దు కోసం మనుషులు కొండలెక్కి, వాగులు దాటి తిరగవలసి వచ్చింది.

ఇంతటి చూపు ఉన్నచోటే పటం పరిమితులూ స్పష్టంగా కనిపిస్తాయి. ఉచితంగా దొరికే ఎత్తుల నమూనాలో ఒక గడి పరిమాణం సుమారు 30 మీటర్లు. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన భవన నిర్మాణ నిబంధనలు, అంటే జి.ఓ. 168, పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుల పూర్తి నీటిమట్టం నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నవాటి నుంచి 9 మీటర్లు, సన్నని నాలాల నుంచి 2 మీటర్లు వదలాలని చెబుతాయి. 1:50,000 ప్రమాణంలోని పటం మీద 9 మీటర్లు అంటే మిల్లీమీటరులో ఐదో వంతు కూడా లేదు. పెన్సిలు గీతే అంతకన్నా మందం. నేల మీద సర్వే చేసి నిర్ణయించవలసిన హద్దును ప్రణాళికా పటం నుంచి చదవడం, ప్రణాళికకు పనికివచ్చే ధోరణిని హద్దురాయి పక్కన వెతకడం - ఈ రెండు పొరపాట్లూ చర్చల్లో తరచు కలిసిపోతాయి. పటానికి రావలసిన గౌరవం, దాని మీద రావలసిన అనుమానం రెండూ ఈ గందరగోళంలో కొట్టుకుపోతున్నాయి.

పికెట్ నాలా దీనికి దగ్గరి ఉదాహరణ. హుస్సేన్‌సాగర్‌లోకి వచ్చే నాలుగు ప్రధాన నాలాల్లో ఇది ఒకటి. కూకట్‌పల్లి, బంజారా, బల్కాపూర్ నాలాలు మిగిలిన మూడు. పికెట్ నాలా ఎగువ భాగం కంటోన్మెంటు వైపు ఉంది. అక్కడ పాలన రక్షణ మంత్రిత్వ శాఖ కిందనున్న కంటోన్మెంటు బోర్డుది. రసూల్‌పురా దగ్గరికి వచ్చేసరికి నాలా నగరపాలక సంస్థది. హుస్సేన్‌సాగర్ చేరాక నీళ్లు మహానగరాభివృద్ధి సంస్థవి. నీటికి ఒకటే వాలు, పాలనకు మూడు హద్దులు. పైగా 2005 జాతీయ పట విధానం సర్వే ఆఫ్ ఇండియా పటాలను రక్షణ శ్రేణి, బహిరంగ శ్రేణి అని రెండుగా విడదీసి, రక్షణపరంగా సున్నితమైన వివరాలను రెండోదానిలో లేకుండా చేసింది. కాబట్టి సికింద్రాబాదు నాలా గురించి బహిరంగంగా చర్చించేవారి పటంలో ఎగువకు పోయేకొద్దీ వివరం పలచబడుతుంది, దిగువకు వచ్చేకొద్దీ చిక్కబడుతుంది. దాంతో ముంపుకు కారణాలన్నీ వివరం చిక్కగా ఉన్నచోటే, అంటే దిగువ బస్తీల్లోనే కనిపిస్తాయి. రసూల్‌పురా గుడిసె పటంలో స్పష్టంగా ఉంటుంది. ఎగువన వాననీరు ఇంకకుండా కప్పిన నేల అంత స్పష్టంగా ఉండదు.

3. జి.ఓ. 111: పటం కాని పటం

1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య సేకరించిన అంకెల్లో ఒకటి నేటికీ ఆలోచింపజేస్తుంది. నగరానికి ఎగువన సుమారు 860 చదరపు మైళ్ల పరీవాహకంలో 788 చెరువులు ఉండేవి. దాదాపు చదరపు మైలుకొక చెరువు. ఆ వానకు వాటిలో 221 తెగాయి. నగరాన్ని ముంచిన నీటిలో ఆ తెగిన చెరువుల నీరు కూడా కలిసింది. పరీవాహకాన్ని ఒకటిగా చూడనిదే నగరాన్ని కాపాడలేమన్న అవగాహన ఆ లెక్కలో ఉంది. దాని ఫలితమే 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్. ఇవి ప్రధానంగా వరదను అదుపుచేయడానికి తలపెట్టిన కట్టడాలన్న విషయం ఇక్కడ గుర్తుంచుకోవాలి. తాగునీరు వాటితో కలిసివచ్చిన ప్రయోజనం.

1996 మార్చి 8 నాటి జి.ఓ. 111 ఈ రెండు జలాశయాల రక్షణకు వచ్చింది. పరీవాహకంలో పూర్తి నీటిమట్టం నుంచి 10 కిలోమీటర్ల వరకు కాలుష్యకారక పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను నిషేధించి, 84 గ్రామాల జాబితాను జతచేసింది. ఆ ఉత్తర్వు పర్యావరణ దృష్టి ప్రశంసనీయం. కాలుష్య నియంత్రణ మండలికీ ప్రొఫెసర్ ఎం.వి. నాయుడుకూ మధ్య జరిగిన వ్యాజ్యంలో 1999లో, 2000లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులు తాగునీటి వనరుల రక్షణకు ఎంత బలాన్నిచ్చాయో న్యాయశాస్త్ర విద్యార్థులకు తెలుసు. విమర్శకు గురికావలసింది ఆ రక్షణను ఉత్తర్వు నేల మీదికి దించిన తీరు. 10 కిలోమీటర్లన్నది దూరం మాత్రమే, నేల వాలు కాదు. 84 ఊళ్లన్నది జాబితా మాత్రమే, గట్టు కాదు. ఊరి పొలిమేర నీటి వాలును అనుసరించదు. ఊరంతా లోపల, లేదా ఊరంతా బయట. ఈ ఊళ్ల విస్తీర్ణం సుమారు 1,32,000 ఎకరాలు, అంటే దాదాపు 534 చదరపు కిలోమీటర్లు. విశ్వేశ్వరయ్య లెక్కలోని 860 చదరపు మైళ్లు రెండు వేల రెండు వందల చదరపు కిలోమీటర్లకు పైన. అంటే జలాశయాలకు నీరిచ్చే నేలలో స్థూలంగా నాలుగో వంతు మీద మొత్తం ఆంక్ష పడింది. మిగిలిన మూడు వంతుల్లో వాగుకు అడ్డుగా కట్టిన చెక్‌డ్యామ్, వేసిన బోరు, లేచిన కాలనీ ఈ ఉత్తర్వు కంటికి ఆనలేదు.

భారం మోసినవారెవరన్నది రెండో ప్రశ్న. గీతకు అవతల ఎకరం ధర ఆకాశాన్నంటుతుంటే ఇవతలి రైతుకు తన భూమి మీద ఆంక్ష తప్ప పరిహారమేదీ రాలేదు. ఈ వైషమ్యమే కాలక్రమంలో ఉత్తర్వుకు వ్యతిరేకమైన బలమైన వాదనగా మారింది. జి.ఓ. 111 వచ్చిన మరుసటి ఏడాది, 1997 జనవరిలో, న్యూయార్క్ నగరం తన తాగునీటి పరీవాహకమైన క్యాట్‌స్కిల్ ప్రాంతపు ఊళ్లతో ఒక ఒప్పందం కుదుర్చుకుంది. అక్కడా ఆంక్షలు ఉన్నాయి. వాటితోపాటు ఎగువ ఊళ్ల మురుగునీటి శుద్ధికి, పొలాల నిర్వహణకు నగరం డబ్బు చెల్లించింది, అమ్మదలచినవారి నుంచి భూమి కొన్నది. నీటి శుద్ధి కర్మాగారం కట్టడం కన్నా ఇది చవక అన్న లెక్క ఆ ఒప్పందం వెనుక ఉంది కనుక, దాన్ని ఆదర్శంగా చిత్రించనక్కరలేదు. కానీ ఎగువ ఊరికి అక్కడ ఒక గొంతు ఉంది. 84 గ్రామాలకు జాబితాలో పేరు మాత్రమే ఉంది.

4. శిఖం: పటంలో లేని కాలం

ఈ వ్యాసానికి కేంద్రమైన మాట ఇది. తెలంగాణ రెవెన్యూ పరిభాషలో చెరువు గర్భంలోని భూమి శిఖం. పారశీకంలో 'శికమ్' అంటే పొట్ట. చెరువు పొట్టలోని నేల గనుక శిఖం. తెలుగు నోట పడి మహాప్రాణం చేరడంతో చెరువు అడుగుకు 'శిఖ'ను, కొండకొమ్మును తలపించే రూపం వచ్చిందన్నది భాషాశాస్త్ర విద్యార్థులకు ఒక చిన్న వినోదం. శిఖంలో ప్రభుత్వ శిఖం ఉంది, పట్టా శిఖం ఉంది. పట్టా శిఖంలో నీళ్లున్నంతకాలం నేల చెరువుది. నీళ్లు తగ్గి నేల తేలినప్పుడు రైతుది. అంటే శిఖం ఒక స్థలం పేరే కాక ఒక కాలపు ఒడంబడిక పేరు కూడా. ఒకే గుంటకు ఏడాదిలో ఇద్దరు హక్కుదారులు. వేసవిలో పశువుల మేతను లెక్కిస్తే ముగ్గురు.

చెరువు చుట్టూ ఉన్న మిగిలిన పదజాలం కూడా ఇలాగే కాలంతో ముడిపడి ఉంది. ఆబి, తాబి అనే మాటలు తరి పంటను రుతువు బట్టి విడదీస్తాయి. మత్తడి దూకడం చెరువు నిండిన సంగతిని చెబుతుంది. తూము ఎప్పుడు ఎత్తాలో, ఎంతసేపు ఎత్తాలో నీరడికి తెలుసు. ఈ అవసరాల మధ్య శాంతి ఎప్పుడూ ఉండేదని అనుకోవడం పొరపాటు. చేపలు పట్టే సంఘానికి వేసవి దాకా లోతు కావాలి. శిఖం రైతుకు నీరు త్వరగా దిగాలి. ఆయకట్టు రైతుకు యాసంగి చివరి తడి దాకా తూము పారాలి. తూము ఎత్తే నీరడి తరచు ఊరి కులవ్యవస్థలో అడుగున ఉండే మనిషి. తూము ఎప్పుడెత్తాలో చెప్పే అధికారం మాత్రం భూమి ఉన్నవారిది. కాబట్టి ఆ పాత వ్యవస్థ న్యాయమైనదన్న వాదన ఇక్కడ లేదు. ఆ వ్యవస్థ పోటీని పేరు పెట్టి పిలిచిందన్నదే ఇక్కడి వాదన. పేరున్న తగాదా పంచాయితీకి వస్తుంది.

ఉపగ్రహ పటం సూచికలో ఈ పేర్లన్నిటికీ కలిపి ఉన్నది ఒక్కటే గడి: జలవనరు, నీలిరంగు. చిత్రం తీసిన నెలలో నీళ్లుంటే నీలం, లేకపోతే పక్కనున్న సాగుభూమి రంగో, బీడు రంగో. రుతువుల వారీగా చిత్రాలు తీసే సాంకేతికత లేక కాదు ఈ లోపం. నీటి విస్తీర్ణాన్ని నెలనెలా గుర్తించగలిగే ఉపగ్రహాలు ఉన్నాయి, ఆ పని చేస్తున్న నిపుణులూ ఉన్నారు. చివరకు చట్టానికి చేరేటప్పటికి ఆ కాలక్రమమంతా ఒకే గీతగా, పూర్తి నీటిమట్టపు గీతగా గడ్డకడుతుంది. గీతకు లోపల, బయట అన్న రెండు స్థితులే తెలుసు. ఇక్కడ జి.ఓ. 168 ఇంగ్లీషు పాఠం ఒక ఆసక్తికరమైన సాక్ష్యం. చిన్న చెరువుల పక్కన అది కుంట, శిఖం, వాగు, నాలా అన్న మాటలను అనువదించకుండానే ఉంచుకుంది. ముసాయిదా రాసినవారికి వాటికి సరిసమానమైన ఇంగ్లీషు మాట దొరకలేదన్నమాట. మాట నిలిచింది. అందులోని కాలం మాత్రం 9 మీటర్ల వెడల్పుగా మారిపోయింది.

దీనికొక బలమైన ప్రత్యుత్తరం ఉంది, దాన్ని దాటవేయకూడదు. శిఖంలోని సందిగ్ధతే కబ్జాకు తలుపు తీసింది. వేసవిలో సాగుచేసుకునే హక్కును ఏడాది పొడవునా అమ్ముకునే ప్లాటుగా మార్చడం ఈ సందిగ్ధతను ఆసరా చేసుకునే జరిగింది. నగరం అంచున ఎన్నో చెరువులు అలాగే కుదించుకుపోయాయి. 2024 జూలైలో హైడ్రా ఏర్పడినప్పుడు దానికి వచ్చిన ప్రజామద్దతుకు కారణం ఇదే. స్పష్టమైన గీత లేకుండా చెరువు నిలవదు. అయినా గీత ఒక్కటే ఉండాలన్న నియమం ఎక్కడిది? శాశ్వత నిర్మాణం ఎక్కడా కుదరదన్న గీత ఒకటి, ఏ నెల నుంచి ఏ నెల వరకు ఎవరి హక్కో చెప్పే పట్టిక ఒకటి కలిసి ఉండగలవు. భౌగోళిక సమాచార వ్యవస్థలో ప్రతి ఆకారానికీ వెనుక ఒక పట్టిక ఉంటుంది. శిఖం రైతు, చేపల సంఘం ఆ పట్టికలో రెండు నిలువు వరుసలు. అంతకుమించిన సాంకేతిక కష్టం ఇందులో లేదు. ఆ వరుసలు ఖాళీగా ఉన్నాయంటే అడగవలసినవారిని అడగలేదని అర్థం.

5. తూకం రాళ్లు ఎవరివి?

పోటీపడే అవసరాలను పటాల ద్వారా సమన్వయించే పద్ధతికి మూలరూపం 1969లో ఇయాన్ మెక్‌హార్గ్ 'డిజైన్ విత్ నేచర్' గ్రంథంలో ప్రతిపాదించిన పొరల పేర్పు. వాలు, నేల, నీరు, అడవి వంటివాటిని వేర్వేరు పారదర్శక పత్రాల మీద గీసి ఒకదానిపై ఒకటి పేరిస్తే, దేనికి ఏ చోటు తగినదో కనిపిస్తుందన్నది దాని సారం. ఏ పొరకు ఎంత ప్రాధాన్యమన్న ప్రశ్నకు 1970ల్లో థామస్ సాటీ రూపొందించిన పద్ధతి ఒక జవాబు ఇచ్చింది. ప్రమాణాలను రెండేసి చొప్పున పోల్చి, ఒకటి నుంచి తొమ్మిది వరకు అంకె వేసి, వాటి నుంచి తూకాలు రాబట్టడమే ఆ పద్ధతి. తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల భూగోళ, ఇంజినీరింగ్ విభాగాల్లో జరుగుతున్న పరీవాహక పరిశోధనలకు ఈ రెండూ పరిచితమైన పనిముట్లు. లెక్క పారదర్శకం, ఎవరైనా తిరిగి చేసి చూడవచ్చు. ఇది వీటి గొప్పతనం. కానీ ఆ ఒకటి నుంచి తొమ్మిది అంకెను ఎవరు వేశారన్న చోట సాధారణంగా 'నిపుణుల అభిప్రాయం' అని ఒక్క ముక్క ఉంటుంది. వాలు గురించి, నేల గురించి నిపుణుడిని అడగడం న్యాయమే. తాగునీరు సాగుకన్నా ఎన్ని రెట్లు ముఖ్యమన్నది మాత్రం నైపుణ్యంతో తేలే ప్రశ్న కాదు. అది రాజకీయ ప్రశ్న. దశాంశ స్థానాల వరకు లెక్కించినంత మాత్రాన దాని స్వభావం మారదు.

2022 ఏప్రిల్ 12 నాటి జి.ఓ. 69ని ఈ దృష్టితో చదవాలి. అది జి.ఓ. 111 ఆంక్షలను తొలగించి, తర్వాతి మార్గదర్శకాల కోసం ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన ఒక కమిటీని వేసింది. 2023 మేలో పాత ఉత్తర్వును పూర్తిగా రద్దుచేయాలని మంత్రివర్గం నిర్ణయించింది. ప్రధాన వాదన ఒకటే: నగరానికి కృష్ణా, గోదావరి నీళ్లు వస్తున్నాయి, జంట జలాశయాల వాటా ఇప్పుడు స్వల్పం. తూకం పరిభాషలో చెప్పాలంటే తాగునీటి పొరకు ఉన్న భారం దాదాపు సున్నా అయింది కనుక ఆంక్షకు ఆధారం పోయింది. వాదనలో తర్కదోషం లేదు. లోపం పొరల జాబితాలో ఉంది. ఆ జలాశయాలు ప్రధానంగా వరద కోసం కట్టినవి. 2020 అక్టోబరులో ఒక్క రోజులో బేగంపేటలో దాదాపు 19 సెంటీమీటర్ల వాన కురిసినప్పుడు, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తవలసి వచ్చినప్పుడు నగరం దాన్ని అనుభవించింది. జలాశయాల ఎగువన నేల కాంక్రీటుతో కప్పుకుపోతే వాననీరు మరింత వేగంగా వచ్చిపడుతుంది. గేట్లు మరింత తొందరగా ఎత్తవలసి వస్తుంది. ఆ నీరు దిగువన ఎవరి ఇళ్లలోకి వెళుతుందన్నది ఏ పొరలోనూ లేదు. 84 గ్రామాల రైతు కోరిక న్యాయమైనదే. కానీ ఆంక్ష వల్ల నష్టపోయిన రైతుకు ఆంక్ష తొలగించడమే ఏకైక పరిహారమన్నట్టుగా చర్చ నడిచింది. నష్టపరిహారం అన్న పొర 1996లోనూ లేదు, 2022లోనూ లేదు.

6. గోడ మీది సూచిక

2024 సెప్టెంబరులో మూసీ ఒడ్డు బస్తీల్లో అధికారులు సర్వే చేసి, కొన్ని ఇళ్ల గోడల మీద ఎర్రరంగుతో 'ఆర్‌బి-ఎక్స్' అని రాశారు. నదీగర్భపు హద్దులో ఉన్న ఇల్లు అని దాని అర్థమని తర్వాత వార్తల్లో వచ్చింది. పరీవాహక పటం సూచిక పటాన్ని విడిచి నేరుగా గోడ మీదికి వచ్చిన సందర్భం ఇది. రోమన్ లిపిలోని మూడక్షరాలవి. ఆ ఇళ్లలో మాట్లాడేది తెలుగు, ఉర్దూ. ఆ చోట ప్రమాదం లేదని ఎవరూ అనలేరు, 1908 గుర్తున్న నగరంలో అసలే అనలేరు. డబుల్ బెడ్రూం ఇళ్లు ఇస్తామన్న హామీ కూడా ఉంది. అయినా ఈ నది పరీవాహకం అనంతగిరి నుంచి వాడపల్లి దాకా, పికెట్ నాలా ఎగువ కంటోన్మెంటుతో సహా వ్యాపించి ఉండగా, అంతటి పటం నుంచి గోడల మీదికి దిగిన సంకేతం ఇదొక్కటే. హిమాయత్‌సాగర్ ఎగువన లేచే విల్లా గోడ మీద 'ఈ నేల మీది వాన ఇన్ని గంటల్లో చాదర్‌ఘాట్ చేరుతుంది' అని ఎవరూ రాయలేదు. భువన్‌లోని ఎత్తుల నమూనాతో ఆ గంటలను అంచనా కట్టడం నేడు కష్టమైన పని కాదు.

మహానగరాభివృద్ధి సంస్థ చెరువుల పూర్తి నీటిమట్టాన్ని నిర్ధారించేటప్పుడు ముందు ప్రాథమిక ప్రకటన ఇస్తుంది, అభ్యంతరాలు స్వీకరిస్తుంది, ఆ తర్వాత తుది ప్రకటన చేస్తుంది. పటం మీద మాట్లాడే అవకాశం సామాన్యుడికి చట్టబద్ధంగా దొరికే చోటు అదే. ప్రస్తుతం అక్కడ జరిగే వాదమంతా గీత ఎక్కడ పోవాలన్నదాని చుట్టూ, సర్వే నంబర్ల చుట్టూ తిరుగుతుంది. పట్టా శిఖం రైతు వేసవి సాగు గురించి, చేపల సంఘం మార్చి నాటి లోతు గురించి, ఎగువ కాలనీ నుంచి వచ్చే మురుగు గురించి చెప్పదలిస్తే, ఆ మాటను నమోదుచేసే నిలువు వరుస పటం వెనుక పట్టికలో ఇంకా లేదు.